నూట ఎనభై ఏడో వరుస

జూలై 3, గురువారం

ఇవాళా ఆలస్యమే. ఐదు అలారాలు పెట్టుకున్నాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఐదింటినీ ఆపింది నా చెయ్యే అయి ఉండాలి. ఒక్కటీ గుర్తు లేదు. బస్సు కిటికీలోంచి చూస్తే సువా సరస్సు మీద మంచు ఇంకా అలాగే పడుకుని ఉంది. అంత పెద్ద సరస్సే లేవనప్పుడు నన్నొక్కదాన్నీ అనడం ఎందుకు?

ఆఫీసులో పద్నాలుగు కొత్త మెషీన్లు దిగాయి. పాతవాటికి అక్టోబరుతో సపోర్టు ఆగిపోతుంది. సెప్టెంబరు ఆఖరుకల్లా అన్నిటినీ సిద్ధం చేయాలి. మేము ఫ్యాక్టరీల్లో వాడే కొలత పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. రాయడం మొదలుపెట్టాలంటే ముందు మెషీన్‌లో సవాలక్ష సరంజామా ఎక్కించాలి. కంపైలర్, లైబ్రరీలు, డేటాబేస్, పరీక్షలకు కావలసిన డేటా. ఏది ముందు ఏది వెనక అన్నది తప్పితే అంతా మొదటికొస్తుంది. ఆ క్రమమంతా ఒక ఎక్సెల్ ఫైల్లో ఉంది. మూడు వందల పన్నెండు వరుసలు, ప్రతి వరుస పక్కనా తెర ఎలా కనిపించాలో ఒక బొమ్మ.

ఒక మెషీన్‌కు ఇద్దరు మనుషులు, రెండు రోజులు. ఒకరు కాగితం పట్టుకుని వరుస పైకి చదవాలి. రెండో మనిషి కీబోర్డు దగ్గర కూర్చుని ఆ పని చేసి, తెర మీదకు వేలు చూపించి "యోషి" అనాలి. అంతా సరిగ్గా ఉందని దాని అర్థం. చదివేవాళ్ళు కీబోర్డు ముట్టకూడదు. చేసేవాళ్ళు కాగితం చూడకూడదు. పేజీ అయ్యాక ఇద్దరూ అడుగున, సంతకానికి బదులు, ఎవరి పేరున్న ముద్ర వాళ్ళు వేయాలి. చదివేది నుకుయి గారు. చేసేది నేను. ఐదేళ్ళు కావస్తోంది, ఇదే జంట.

సెక్షన్ హెడ్ తాబుచి గారు నన్ను పిలిచి, ఈ పద్నాలుగూ చేత్తో చేయవద్దన్నారు. ఆ వరుసలన్నీ స్క్రిప్టుగా రాసేయాలట. ఒక్క కమాండ్ కొడితే మెషీన్ తనంతట తానే తయారైపోవాలట. నా వైపు చూపించి, కుసకబె గారికిది పెద్ద పనేం కాదు, నిద్ర లేవడం ఒక్కటే కష్టం అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నుకుయి గారు నవ్వలేదు. ముద్రకు అంటిన ఎర్ర సిరాను కాగితంతో మెల్లగా తుడుస్తూ కూర్చున్నారు.

జూలై 4, శుక్రవారం

లెక్క వేసుకున్నాను. నుకుయి గారిది ఆరు నెలల ఒప్పందం. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి పొడిగిస్తూ వచ్చారు. ఈ అక్టోబర్‌లో ఇంకోసారి పొడిగిస్తే ఐదేళ్ళు దాటుతుంది. దాటితే చట్టం ప్రకారం నన్ను పర్మనెంట్ చేయండి అని అడిగే హక్కు వస్తుంది. ఆవిడకు యాభై ఎనిమిది. మళ్ళీ కొత్త చోట చేరే వయసు కాదు.

పొడిగిస్తారో లేదో చెప్పేది ఆగస్టు 29న.

ఇప్పుడు నేను రాయబోయేది ఆవిడ చదివే మూడు వందల పన్నెండు వరుసలు. మెషీనే చదువుకుంటే ఇక ఆవిడ ఏం చదువుతారు? ఈ ముక్క ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

జూలై 9, బుధవారం

మొదలుపెట్టాను. నుకుయి గారు తన కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చున్నారు. నేను రమ్మనలేదు.

కాగితంలో లేనివి ఆవిడకు ఎన్ని తెలుసో! ముప్పై ఒకటో వరుసలో ఫోల్డర్ పేరు తప్పుందట, మూడేళ్ళుగా ఆవిడే సరిచేసి చదువుతున్నారట. నూట రెండు, నూట మూడు వరుసలు తారుమారయ్యాయట, అదీ ఆవిడే మార్చి చదువుతున్నారు. మరి ఫైల్లో ఎందుకు దిద్దలేదు అని అడిగాను. ఒప్పందం మీద ఉన్నవాళ్ళు ఫైలు మార్చకూడదు కదా అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, బయట ఎండగా ఉంది అన్నట్టే ఉంది.

ఆవిడ గొంతు గురించి ఒకటి రాసుకోవాలి. పెద్ద గొంతు కాదు. ఒక్క మాట కూడా కింద పడనివ్వదు. వింటూ పని చేస్తుంటే నాకు సగం నిద్రలో ఉన్నట్టుంటుంది, అయినా చేతులు తప్పు చేయవు. అలారాల బదులు ఆ గొంతుంటే నేను రోజూ టైముకి లేచేదాన్ని.

జూలై 17, గురువారం

కల వచ్చింది. సరస్సు అడుగున మెషీన్లన్నీ వరసగా వెలుగుతున్నాయి. నుకుయి గారు పైన పడవలో కూర్చుని చదువుతున్నారు. నేను నీళ్ళ లోపలినుంచి యోషి అంటున్నాను. అన్నప్పుడల్లా బుడగలు.

అలారం ఆరోది కొన్నాను.

జూలై 25, శుక్రవారం

అయిపోయింది అనుకున్నాను. మూడు వందల పన్నెండు వరుసలూ స్క్రిప్టులోకి వచ్చేశాయి. కొత్త మెషీన్ ఒకటి తెరిచి కమాండ్ కొట్టాను. అందరూ నా వెనక చేరారు. తాబుచి గారు చేతిలో వెనిగర్ డ్రింకు పట్టుకుని మరీ నిలబడ్డారు. వరుసలు చకచకా పైకి పోతున్నాయి. ఇద్దరం రెండు రోజులు చేసే పని కళ్ళముందు నీళ్ళలా వెళ్ళిపోతోంది. చూస్తుంటే మత్తుగా ఉంది.

నూట ఎనిమిదోది, నూట యాభైయోది, నూట ఎనభై ఏడోది. ఆ వరుసలో డేటాబేస్‌ను మొదలుపెట్టాలి. మొదలైంది అని వచ్చింది.

నూట ఎనభై ఎనిమిదో వరుస: అందులో పట్టికలు కట్టు. ఎర్ర అక్షరాలు. అవతల ఎవరూ పలకడం లేదు అని.

వెంటనే రెండోసారి కొట్టాను. ఈసారి ఏమీ ఎరగనట్టు దాటిపోయింది. తుడిచేసి మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే పడింది. తాబుచి గారు డ్రింకు పూర్తి చేసి, బాగుంది, ఇంకా కొంచెమే కదా అన్నారు. ఆ మాట ఆయన అంటే గడువు దగ్గర పడిందని అర్థం.

అది పడినప్పుడు నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

జూలై 30, బుధవారం

కొత్త మెషీన్ మీద ఐదుసార్లు. ఐదుసార్లూ నూట ఎనభై ఎనిమిది. చేత్తో చేస్తే ఈ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ పడలేదు.

ఆగస్టు 6, బుధవారం

తాబుచి గారి అనుమతితో ఒక మెషీన్‌ను పాత పద్ధతిలో చేశాం, తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి. నుకుయి గారు చదివారు, నేను చేశాను. కిటికీ అవతల సరస్సు తెల్లగా ఉంది, ఏది నీరో ఏది ఆకాశమో తెలియలేదు. అలా ఎన్నాళ్ళు చదివినా వినవచ్చు అనిపించింది.

మధ్యాహ్నం నూట ఎనభై ఏడుకు వచ్చాం. డేటాబేస్ మొదలుపెట్టాను, యోషి అన్నాను. అది పేజీలో ఆఖరి వరుస. నుకుయి గారు సిరా డబ్బా మూత తీశారు. ఆవిడ ముద్ర వేశారు, నేను ముద్ర వేశాను. సిరా అంటుకోకుండా పేజీని ఆరనిచ్చారు. తిప్పారు. బార్లీ టీ ఒక గుక్క తాగారు. తెర మూల వైపు చూసి, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా, "లేచారా?" అన్నారు. ఆ తర్వాతే నూట ఎనభై ఎనిమిది చదివారు. ఏ గొడవా లేకుండా అయింది.

ఐదేళ్ళు పక్కన కూర్చుని ఇది నేను వినలేదు. వింటూనే ఉన్నానేమో.

ఇదంతా నలభై సెకన్లు. డేటాబేస్ మొదలయ్యానని చెప్తుంది కానీ నిజంగా కళ్ళు తెరవడానికి దానికి అరనిమిషం పైనే కావాలి. అచ్చం నాలాగే. మా ముద్రలు, ఆరనివ్వడం, ఆ గుక్క టీ, ఇవన్నీ దానికి లేచే సమయం ఇస్తున్నాయి. స్క్రిప్టుకు ముద్రల్లేవు, దాహం లేదు. అడక్కుండా తలుపు తోసుకుని పోతోంది.

ఆగస్టు 7, గురువారం

తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆ రెండు వరుసల మధ్య ఒక్క మాట చేర్చాను. నలభై సెకన్లు ఆగు. కొత్త మెషీన్ మీద కొట్టాను. నూట ఎనభై ఏడు దగ్గర నిలబడింది. మళ్ళీ కదిలింది. మూడు వందల పన్నెండు. పూర్తి.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో కాదో తెలియలేదు. ప్రింటర్ దగ్గర నిలబడి కాసేపు సరస్సును చూశాను. ఒళ్ళంతా దూదిలా ఉంది. తర్వాత ఆ ఒక్క మాటా తీసేశాను, మెషీన్ తుడిచేశాను.

ఆగస్టు 29 దాకా ఇది పడుతూనే ఉంటుంది. పొడిగింపు కాగితం నుకుయి గారి చేతికి వచ్చాక, ఆ సోమవారం నాకు హఠాత్తుగా తడుతుంది. తాబుచి గారికి సాయంత్రం చెప్పాను, ఇంకా దొరకలేదని. తెలివైనవాళ్ళకు కూడా టైము పడుతుంది లెండి అన్నారు. సిగ్గేసింది.

ఆగస్టు 13, బుధవారం

బోన్ సెలవులు, పోయినవాళ్ళను తలుచుకునే పండుగ. మధ్యాహ్నం సరస్సు ఒడ్డున వేడినీళ్ళ కాలువలో కాళ్ళు పెట్టుకు కూర్చుంటే నుకుయి గారు కనిపించారు. అక్క సమాధి కడిగి వస్తున్నారట. నా పక్కనే కూర్చుని మేజోళ్ళు తీశారు. సంచీలోంచి నొజావన ఆకు పచ్చడి పెట్టిన అన్నం ముద్ద ఒకటి తీసి ఇచ్చారు.

ఎదురుగా ఒడ్డున మిసాగో హోటల్ ఉంది, పాతది, నీలం రేకుల కప్పు. అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేశానని చెప్పారు. ఇంతవరకూ నాకు తెలియదు. టెలిఫోన్ బోర్డు దగ్గరట. పొద్దున అతిథులకు గది గదికీ ఫోన్ చేసి లేపడం ఆవిడ పని. తెల్లవారిందండీ, ఆరైంది, లేచారా అని అడిగేవారట. కొందరు లేచాం అనేవారు. కొందరు ఇంకా లేదు అని మూలిగేవారు. అయితే కాసేపాగి మళ్ళీ అడుగుతాను అని పెట్టేసి, ఐదు నిమిషాలకు మళ్ళీ చేసేవారు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ చేతుల్లో ఒక్కరికీ రైలు తప్పలేదట.

పదహారేళ్ళ కిందట హోటల్‌లో లేపే మెషీన్ పెట్టారు. దానికి ఆవిడ గొంతే రికార్డు చేశారు. ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి ఐదున్నర నుంచి తొమ్మిది దాకా అన్ని టైములూ చెప్పించారు. నెల తర్వాత పని లేదన్నారు. గొంతు మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ పొద్దున్నే అక్కడ అదే మోగుతుందట. ఎవరిదో ఎవరికీ తెలియదు.

పని పోయినందుకు బాధపడ్డారా అని అడిగాను. ఆవిడ వేళ్ళతో నీళ్ళు కదిపారు.

"పని పోతే పోయింది. అది లేచారా అని అడుగుతుంది చూడండి, అడిగి జవాబు వినకుండానే పెట్టేస్తుంది. నా గొంతుతో."

నీళ్ళ మీద ఆవిరి. మా నాలుగు పాదాలూ ఎర్రగా ఉన్నాయి. నా రహస్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆగస్టు 18, సోమవారం

నాలాంటి మొద్దు ఈ జిల్లాలో ఇంకోటి ఉండదు.

సెలవుల తర్వాత ఆఫీసుకు వెళ్ళేసరికి నుకుయి గారు రెండో ముద్ర ట్రే ముందు నిలబడి ఉన్నారు. ఒకరి ముద్ర పడి రెండో వాళ్ళ ముద్ర కోసం ఎదురుచూసే కాగితాలు ఆ ట్రేలో ఉంటాయి. అందులో పదకొండు పేజీల లాగ్, ఏ వరుస ఎలా నడిచిందో మెషీన్ రాసుకున్న చిట్టా. ఎనిమిదో తారీకుది. ఆఖరి పేజీలో మూడు వందల పన్నెండు, పూర్తి. ప్రతి పేజీ అడుగునా నా ముద్ర, ఎర్రగా, నిటారుగా.

ఆ రోజు ప్రింటర్ దగ్గర నిలబడింది అందుకన్నమాట. పని పూర్తయితే ప్రింటు తీయడం, ముద్ర వేయడం, ట్రేలో పెట్టడం. అలారాలు ఆపినట్టే, నాకు తెలియకుండా నా చేతులే చేసేశాయి. ప్రపంచంలో దొంగతనం చేసినవాళ్ళు ఎవరైనా దానికి ముద్ర వేసి, రెండో ముద్ర కోసం ట్రేలో పెడతారా?

నుకుయి గారు నన్ను మెట్ల దగ్గర డ్రింకుల మెషీన్ పక్కకు తీసుకెళ్ళారు. పది రోజులుగా నన్నెందుకు నిద్రపుచ్చుతున్నారు అని అడిగారు. అంతా చెప్పేశాను. ఇరవై తొమ్మిదో తారీకు, ఐదేళ్ళు, హక్కు, అన్నీ. ఆవిడకు కోపం వచ్చింది. ఆవిడ కోపం నేనెప్పుడూ చూడలేదు, అది కూడా మెల్లగానే మాట్లాడుతుంది.

ఆ ఐదేళ్ళ గుమ్మం తనను దాటనిస్తారని ఈ ఆఫీసులో నమ్మేది నేనొక్కదాన్నేనట. తర్వాత లాగ్‌లో ఆ చోట వేలు పెట్టి, ఈ నలభై ఎక్కడిది అని అడిగారు. మీరు తీసుకునే సమయమే, లెక్కపెట్టాను అన్నాను.

"నేనెప్పుడు లెక్కపెట్టానమ్మాయ్? నేను అడిగాను. తెర మూల దీపం పచ్చబడిందా లేదా చూసి, లేచిందని తెలిశాకే చదివాను. మీరు నా అడగడం తీసేసి నా ఆలస్యం ఒక్కటే ఉంచారు. హోటల్ వాళ్ళు నయం, గొంతైనా ఉంచారు."

ఆవిడ డబ్బాలో కాఫీ రెండు కొని ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. చల్లటిది నొక్కబోయి వేడిది నొక్కినట్టున్నారు. ఆగస్టులో వేడి కాఫీ. తాగాను.

ఆగస్టు 19, మంగళవారం

పొద్దున వెళ్ళేసరికి నుకుయి గారు నా కుర్చీలో ఉన్నారు. కీబోర్డు ముందు. కాగితం మాత్రం తన కుర్చీలో పెట్టారు, నాకోసం.

చదవండి అన్నారు.

ఐదేళ్ళలో మొదటిసారి చోట్లు మారాయి. ఏం రాయాలో కాగితం అంచున గీసుకుని నేను ఒక్కొక్క మాటే చదివాను. ఆవిడ రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టారు. డేటాబేస్‌ను పిలువు. పలికితే ముందుకు వెళ్ళు. పలకకపోతే ఒక్క సెకను ఆగి మళ్ళీ పిలువు. పిలిచినప్పుడు తెర మీద ఏం చూపించమంటారు అని అడిగాను. ఆలోచించకుండా కొట్టారు: లేచారా? జవాబు రానప్పుడు: ఇంకా లేదు. వచ్చినప్పుడు: లేచాను.

పద్ధతికి పూర్తిగా విరుద్ధం ఇది. చదివేవాళ్ళు కీబోర్డు ముట్టుకున్నారు, చేసేవాళ్ళు కాగితం చదివారు, ఒప్పందం మీద ఉన్న మనిషి ఫైలు మార్చారు. నాకు బడి ఎగ్గొట్టిన రోజులా ఉంది. చుట్టూ అందరూ చాలా శ్రద్ధగా తమ తమ తెరల్లోకే చూస్తున్నారు.

మార్పు సేవ్ చేసేముందు, అది ఎవరు చేశారో మెషీన్ పేరు అడుగుతుంది. ఒకసారి పడిన పేరు ఆ మార్పుల చరిత్రలోంచి పోదు. నేను కుసకబె అని చదువుతానేమో అన్నట్టు ఆవిడ నా వైపు చూశారు. నేను చదివాను.

"నుకుయి హత్సుయే."

కొట్టారు. తెర మీదకు వేలు చూపించారు. యోషి అన్నారు.

ఆగస్టు 27, బుధవారం

పద్నాలుగు మెషీన్లు పొడుగు బల్ల మీద వరసగా. పద్నాలుగింటికీ ఒకేసారి కమాండ్ ఇచ్చాం. తాబుచి గారు, పైనుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు, మిగతావాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

నూట ఎనభై ఏడు దగ్గర పద్నాలుగు తెరలూ ఒకదాని తర్వాత ఒకటి అడగడం మొదలుపెట్టాయి. లేచారా? ఇంకా లేదు. లేచారా? ఇంకా లేదు. ఒకటి ఇరవై సెకన్లకే లేచింది. కొన్ని నలభైకి, కొన్ని యాభైకి. కిటికీలోంచి సరస్సు వెలుతురు పైకప్పు మీద ఆడుతోంది. పెద్ద ఇంట్లో పొద్దున్నే ఒక్కొక్క గదిలో దీపం వెలుగుతున్నట్టుంది. ఎనిమిదో మెషీన్ మాత్రం లేవలేదు. ఒక నిమిషం. రెండు. తాబుచి గారు గడియారం చూసుకున్నారు. మూడు నిమిషాల మీద నాలుగు సెకన్లకు, లేచాను.

నా నలభై సెకన్ల లెక్కే ఉంచి ఉంటే సగం మెషీన్లు అక్కడే పడేవి. అది నేను మాత్రమే కాదు, నుకుయి గారు కూడా గమనించారు. నన్ను చూసి కనుబొమలు ఎగరేశారు. ఆ ఎనిమిదోది మీ చుట్టమా అన్నారు.

పైనుంచి వచ్చిన ఒకాయన ఆ అడగడం ఎవరు రాశారు, చక్కగా ఉంది అన్నారు. ఎవరైనా ఏదైనా అనేలోపే నేను చరిత్ర తెరిచి పేరు చూపించాను. ఆయన పేరు పైకి చదివారు. నుకుయి గారు లేచి వంగి నమస్కరించారు.

ఆగస్టు 29, శుక్రవారం

పొడిగించలేదు.

నేను తాబుచి గారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాను. గొంతు పెంచాను కూడా. ఆయన నన్ను కూర్చోమని, ఇది స్క్రిప్టు వల్ల కాదని చెప్పారు. ఐదేళ్ళు దాటబోయేవాళ్ళ పేర్లన్నీ మార్చిలోనే హెడ్ ఆఫీసులో కొట్టేశారట. స్క్రిప్టు పనిచేసినా చేయకపోయినా జవాబు ఇదేనట. తాను అడిగి చూశానన్నారు. అది నిజమే అనిపించింది. మనిషి మొహం అలా ఉంది.

అంటే నేను దాచిన ఆ పది రోజులూ ఎవరికీ ఎందుకూ పనికి రాలేదు. నుకుయి గారికి అది ముందే తెలుసు. తెలిసే కుర్చీ నా పక్కకు లాక్కున్నారు. తెలిసే ముప్పై ఒకటో వరుస దిద్దించారు. నాకు చాలా కోపంగా ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

సరస్సు ఇవాళ అసలు కనిపించలేదు. బస్సు మంచులోకి వెళ్ళి మంచులోంచి వచ్చింది. స్టాపు దాటిపోయాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఆఖరి రోజు. నుకుయి గారు అందరి బల్లల మీదా ఒక్కో బీన్ కేకు పెట్టారు. సాయంత్రం అందరూ ఆవిడకు పూలగుత్తి ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. తాబుచి గారి ప్రసంగం మధ్యలో ఆగిపోయింది, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఆగస్టు ఎనిమిది నాటి లాగ్ పదకొండు పేజీలూ నేను పారేయలేదు. రెండో ముద్ర కోసం తీసుకెళ్ళాను. అది తప్పుడు లాగ్, దీని మీద నేను వేయను అన్నారు. ఆగస్టు ఇరవై ఏడు నాటిది తెమ్మన్నారు. దాని మీద వేశారు, పేజీ పేజీకీ, ఆరనిస్తూ. పద్నాలుగు మెషీన్లవి, నూట యాభై నాలుగు పేజీలు. నేను పక్కన కూర్చుని తిప్పాను. అందరూ వెళ్ళిపోయారు. ఆ గంట ఎప్పటికీ అయిపోకపోతే బాగుండుననుకున్నాను.

బస్ స్టాపులో చెప్పారు. మిసాగో హోటల్ నుంచి ఫోన్ వచ్చిందట. పాత ఓనరు కూతురు ఇప్పుడు చూసుకుంటోంది. లేపే మెషీన్ పాడైపోయిందట, బాగుచేసేవాళ్ళు లేరట. కొత్తదానికి మళ్ళీ గొంతు ఇస్తారా అని అడిగారట. ఇచ్చారా అన్నాను. తాను ఒక షరతు పెట్టానని, దానికి వాళ్ళింకా జవాబు చెప్పలేదని అన్నారు. ఏం షరతో ఎంత బతిమాలినా చెప్పలేదు.

"అక్టోబర్‌లో సెలవొస్తుంది కదా. ఒక రాత్రి అక్కడ పడుకోండి. ఆరింటికి లేపమని చెప్పండి. అప్పుడు మీకే తెలుస్తుంది."

బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కలేదు. నడిచి వెళ్తానన్నారు, ఒడ్డు వెంట.

అక్టోబర్ 6, సోమవారం

కొత్తగా చేరినమ్మాయి మెషీన్ సిద్ధం చేశాను. ఒక్క కమాండ్. ఇరవై మూడు నిమిషాలు. నూట ఎనభై ఏడు దగ్గర ఆ అమ్మాయి, ఇదేంటండీ మెషీన్ తనతో తనే మాట్లాడుకుంటోంది అంది. తనతో కాదు అన్నాను. పేరు చూపించాను. ఈవిడ ఎక్కడ కూర్చుంటారు అని అడిగింది.

అలారాలు ఏడయ్యాయి. ఆలస్యమే.

అక్టోబర్ 13, సోమవారం, పొద్దున 6:02

మిసాగో, రెండో అంతస్తు. అలారం ఒక్కటీ పెట్టుకోలేదు. కిటికీ నిండా మంచు. ఫోన్ మోగింది. రిసీవర్ ఎత్తాను.

తెల్లవారిందండీ. ఆరైంది. లేచారా?

రికార్డింగ్ అనుకున్నాను. ఎలాగూ వినదు కదా అని, ఇంకా లేదు అన్నాను.

పెట్టేసిన చప్పుడు రాలేదు. తర్వాత చిన్న నవ్వు.

"అయితే కాసేపాగి మళ్ళీ అడుగుతాను, కుసకబె గారూ."